వాల్వుల పెట్టె

ఎలక్ట్రిక్ గిటార్‌ని ఆంప్లిఫయర్ లేకుండా వాయిస్తే పక్కింట్లో ఎవరో మాడిన గిన్నె గోకుతున్నట్టు ఉంటుంది. పోయిన వానాకాలం తర్వాత కొన్నాళ్ళు నేను అలాగే వాయించాను. వినేవాళ్ళు లేరు కాబట్టి సిగ్గుపడాల్సిన పని కూడా లేదు. కానీ ఆ శబ్దం నాకే సహించేది కాదు. ఇంట్లో ఎవరూ లేరని గుర్తు చేయడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాని శబ్దం అది.

మా ఊరు పలాసకీ సముద్రానికీ మధ్యన, ఉద్దానంలో ఉంది. ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్ళం, నేనూ మా అప్పా. అక్కని మా వైపు అప్ప అంటాం. నాకంటే బాగా పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళింది, అక్కడ పొసగక వచ్చేసింది, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేను అసలు పెళ్ళే చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే ఆర్కెస్ట్రావాడికి పిల్లనెవరిస్తారని నవ్వేసేవాణ్ణి. అందులో సగమే నిజం. వేళకి వండిపెట్టే మనిషి ఇంట్లో ఉండగా కొత్త తలనొప్పి దేనికనుకున్నాను, అదీ మిగతా సగం.

తర్వాత అప్పకి కిడ్నీల జబ్బు వచ్చింది. ఈ మాట మా ఊళ్ళో చెబితే ఎవరూ అయ్యో అనరు. "ఏ రోజులు ఎల్తన్నారు?" అని అడుగుతారు. డయాలసిస్‌కి పలాస వెళ్ళే ఆటోలో ఎవరితో కలిసి పోవచ్చో తెలుసుకోవాలి కదా. మేమూ అలాగే నలుగురితో కలిసి తిరిగాం. పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి, కాసేపు తొంగుంటానని చాప వేసుకుంది. మళ్ళీ లేవలేదు.

నేను కాశీబుగ్గలో ఒక టెంట్ హౌస్‌లో పని చేస్తున్నాను. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కుర్చీలు లెక్కపెట్టి పంపడం, తిరిగొచ్చాక ఎన్ని కాళ్ళు విరిగాయో చూసుకోవడం. ఒకప్పుడు స్టేజీ మీద నిలబడి వాయించినవాణ్ణి ఇప్పుడు స్టేజీ కింద కుర్చీలు సర్దుతున్నాను, అంతే తేడా. పని అయ్యాక కాశీబుగ్గలోనే ఏదో టిఫిన్ పొట్లం కట్టించుకుని ఇంటికొస్తాను. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించడం నాకు చిరాకు. అప్ప పోయాక ఆ ఇంట్లో అన్నం ఉడకలేదు.

పగలంతా బాగానే గడిచిపోయేది. కుర్చీల దగ్గర ఎవడో ఒకడితో గొడవ ఉంటుంది కాబట్టి నోటికి పని తగులుతుంది. సాయంత్రం తలుపు తీశాక మాత్రం మాట అవసరమే ఉండేది కాదు. టీవీ పెడితే అందులోవాళ్ళు నన్ను పట్టించుకోకుండా వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు, నాకు ఇంకా ఒళ్ళు మండేది. ఫోన్లో అమ్మకాల అమ్మాయి చెప్పే రికార్డు మాటలు చివరిదాకా విన్న రోజులు ఉన్నాయి. అలాంటి రోజుల్లోనే ఒకనాడు గిటార్ చేతిలో పెట్టుకుని అటక వైపు చూశాను. ఆ పెట్టె మోగితే ఈ ఇంట్లో ఇంకో గొంతు ఉంటుంది కదా అనిపించింది. నాకు కావలసింది అంతే. కచేరీలు చేయాలనీ, పాత రోజులు తిరిగి రావాలనీ ఏమీ లేదు. ఇంట్లో ఇంకో గొంతు ఉండాలి.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. అది కలకత్తా నుంచి బరంపురం మీదుగా మా ఆర్కెస్ట్రాకి వచ్చిన పాత వాల్వుల ఆంప్లిఫయర్. చెక్క డబ్బా, ముందు స్పీకరు, పైన గాజు బుడ్లలాంటి వాల్వులు, ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. మేం ఊరూరా అమ్మవారి సంబరాలకి వాయించేవాళ్ళం. భావనపాడులో ఎండు చేపలారబోసే ఇసుకలో స్టేజీ కట్టి వాయించాం, సోంపేట అవతల జీడితోటల్లో వాయించాం. డీజే పెట్టెలొచ్చాక మమ్మల్ని పిలిచేవాళ్ళు తగ్గి, ఒకనాటికి అసలు లేకుండా పోయారు. గుంపు విడిపోయినప్పుడు తలో వస్తువూ పట్టుకుపోయారు. బరువని ఎవరూ ముట్టుకోని ఈ పెట్టె నాకు మిగిలింది.

మా అప్పకి అదంటే పడేది కాదు. పడదని నేను గట్టిగా నమ్మాను, ఎందుకంటే తను ఆ సంగతి దాచుకునే మనిషి కాదు. "ఆ గుడగుడల పెట్టె కూడెడతాదేటి? అమ్మీరా" అనేది. పాత సామాన్లవాడు వీధిలోకి వస్తే వాణ్ణి పిలిచి మరీ, "మా ఇంట్లో ఒకటున్నాది బాబూ, ఈడు ఇవ్వడు" అని నా ముందే చెప్పేది. వాడు ఆశగా నా వైపు చూసేవాడు. ఆఖరికి నేను దాన్ని అటకెక్కించాను. అదీ ఓ రాద్ధాంతమే. అటక విరిగి నెత్తిన పడతాదని చాలా రోజులు సణిగింది.

అప్ప పలాసలో జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. జీడిపిక్క తొక్కలో నల్లటి నూనె ఉంటుంది. ఒంటికి తగిలితే కాలినట్టే బొబ్బలెక్కుతుంది. అందుకని ఆడవాళ్ళు చేతులకి బూడిద రాసుకుని కూర్చుంటారు. ఎంత రాసుకున్నా వేళ్ళు నల్లబడక మానవు, వాసన అంటుకోక మానదు. అప్ప కుడిచేతి చిటికెన వేలు ఒకసారి మిషన్‌లో పడి వంకరపోయింది, మిగతా వేళ్ళతో కలవకుండా పక్కకి ఉండేది. సాయంత్రం ఆటో దిగి వచ్చేసరికి నేను గుమ్మానికి వీపు పెట్టి గిటార్ వాయించుకుంటూ ఉండేవాణ్ణి. ముందు జీడినూనె వాసన వచ్చేది, వెనకాల అప్ప వచ్చేది. చెప్పులు విడవకముందే, "తిన్నావేటిరా?" అనేది. నేను తల తిప్పకుండానే, "ఇంకా లేదప్పా" అనేవాణ్ణి. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. తను రాకుండా నేను తినేవాణ్ణి కాదని తనకీ తెలుసు.

సరే, అటక మీంచి పెట్టె దించాను. దుమ్ము దులిపి స్విచ్ వేశాను. లోపల ఏదో టప్పుమంది, ఇంట్లో లైట్లన్నీ పోయాయి. చీకట్లో కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆదివారం దాన్ని అప్ప పాత దుప్పట్లో మూటకట్టి టెక్కలి బస్సెక్కాను.

"ఏటది బావా, కుట్టు మిషనేటి?" అని కండక్టరు అడిగాడు.

"ఆంప్లిఫయర్."

"అదేటి సేత్తాది?"

"శబ్దం పెద్దది చేస్తుంది."

"ఇంకా పెద్దదా?" అన్నాడు, బస్సులో డ్రైవరు పెట్టిన పాటల వైపు చూపిస్తూ. నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకి నవ్వు రావడం నాకే కొత్తగా అనిపించింది.

టెక్కలిలో బస్టాండు వెనక సందులో ఒక మెకానిక్ ఉన్నాడు. ఒకప్పుడు మా ఆర్కెస్ట్రాకి మైకు సెట్టు పెట్టినవాడే. ఇప్పుడు మిక్సీలూ ఫ్యాన్లూ సెల్‌ఫోను చార్జర్లూ బాగుచేస్తాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ బావా అని పిలుస్తాడు, నేనూ బావా అనే అంటాను. పెట్టెని చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇదింకా బతికే ఉన్నాదేటి?" అన్నాడు. వెనక చెక్క ఊడదీశాడు.

లోపలంతా నల్లగా ఉంది. చెక్క లోపలి గోడలకి ఏదో నల్లటి పూత, ఎండాకాలం వేడికి కారి కారి అక్కడక్కడ చిక్కగా గడ్డకట్టింది. స్పీకరు కాగితం అంచున ఆ నలుపు దిగి బిర్రబిగుసుకుపోయింది. వాల్వులు పెట్టే గుంటల్లోకీ, వాల్యూం తిప్పే మరల్లోకీ కారింది. మెకానిక్ వేలితో తాకబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుని, వంగి వాసన చూశాడు.

"బావా, దీనికి ఎవుడు జీడి నూని పూసినాడు?"

నాకు తెలియదన్నాను.

"పడవకి పూత్తారు. దూలానికి పూత్తారు. కొట్టం గుంజలకి పూత్తారు. ఆంప్లిఫయర్‌కి పూసినోణ్ణి నానెప్పుడూ సూడలేదు" అని నవ్వాడు. "సెద పట్టదు గానీ, మరి మోగదు కూడా."

నేను నవ్వలేదు. నాకు తెలియకపోవడమేమిటి. మా వైపు చెక్క కనిపిస్తే జీడినూనె పూయడం అందరికీ అలవాటే గానీ, మా ఇంట్లో అటకెక్కే మనుషులం ఇద్దరమే. నేను పూయలేదు. ఫ్యాక్టరీలో నూనె దొరికేది అప్పకే. పడని వస్తువుని పాడుచేయడానికి ఎవరూ విషం పోయక్కర్లేదు, ఇంట్లో ఉన్నదేదో పోస్తే చాలు. అప్పుడు నాకు అలాగే తోచింది.

బస్సులో తిరిగొస్తుంటే కోపంతో ఒళ్ళు ఉడికిపోయింది. చచ్చిపోయిన మనిషి మీద కోపం అంత దిక్కుమాలింది ఇంకోటి లేదు. గట్టిగా ఒక మాట అందామంటే ఎదురుగా మనిషి ఉండదు. ఇంటికొచ్చి తన ఫొటో ముందు నిలబడి, "అంత కష్టం ఏమొచ్చిందప్పా నీకు దాని వల్ల?" అన్నాను. ఫొటోలో తను పాస్‌పోర్టు సైజు బొమ్మకి కూర్చున్నప్పటి మొహంతోనే చూసింది. ఆ రాత్రి టిఫిన్ పొట్లం విప్పకుండానే పడుకున్నాను.

పారేద్దామా అనుకున్నాను కూడా. కానీ మరుసటి ఆదివారం మళ్ళీ టెక్కలి బస్సే ఎక్కాను.

మెకానిక్ లెక్క సూటిగా చెప్పాడు. కరెంటు నిలబెట్టే పెద్ద కండెన్సర్లు పోయాయి, వాల్వు ఒకటి పోయింది. కొత్తవి చెన్నై నుంచి తెప్పించాలి. నా జీతానికి అది జరిగే పని కాదని అతనికీ తెలుసు. "మనకున్నవాటితో సేద్దాంలే బావా" అన్నాడు. అతని కొట్టు వెనక పాడైపోయిన పాత కలర్ టీవీలు గుట్టగా పడి ఉన్నాయి. వాటి బోర్డుల్లోంచి కండెన్సర్లు ఊడదీసి, ఒక్కొక్కటీ మీటరుకి ఆనించి, బతికున్నవి ఒక పక్కకీ చచ్చినవి ఒక పక్కకీ పెట్టాం. అతను కరెంటు ఉన్న చోట పని చేసేటప్పుడు ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుంటాడు. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు గుండె మీదుగా పోతుందట. నేను ఆత్రంగా రెండు చేతులూ పెట్టబోతే మోచేత్తో ఒకటిచ్చాడు.

వాల్వు కోసం ఇచ్ఛాపురం వెళ్ళాల్సొచ్చింది. మా ఊళ్ళమీద తుఫాను పడిన ఏడు, తోటలన్నీ పడిపోయి ఇక్కడ పనుల్లేక, నేను కొన్ని నెలలు అక్కడ ఒక గోడౌన్‌లో పని చేశాను. స్టేషను దగ్గర టీ కొట్టులో పాత వాల్వు రేడియో ఒకటి అలంకారానికి పెట్టి ఉండేది. వెళ్ళి చూస్తే ఇంకా అక్కడే ఉంది. టీ కొట్టు ముసలాయన నాతో తెలుగులో, భార్యతో ఒడియాలో మాట్లాడి, ఇద్దరూ చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. ఆఖరికి ఆవిడే లోపల్నుంచి, కొబ్బరికాయలు తెచ్చిస్తే ఇస్తామంది. మా పెరట్లో తుఫానుకి పడకుండా మిగిలిన రెండు చెట్లున్నాయి. బస్తాడు కాయలు రైల్లో పట్టుకెళ్ళి ఇచ్చి, రేడియో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

ఇలా ఆదివారాలు గడిచాయి. నిజం చెప్పాలంటే ఆ ఆదివారాలు నాకు బాగున్నాయి. వారమంతా వాటికోసమే చూసేవాణ్ణి. మెకానిక్ సోల్డరింగ్ చేస్తుంటే నేను లైటు పట్టుకునేవాణ్ణి. మధ్యలో ఎవరో మిక్సీ పట్టుకొచ్చేవారు, వాళ్ళ కోడలి మీద ఓ మాట చెప్పి పోయేవారు. మధ్యాహ్నం అతని ఇంటి నుంచి కేరేజీ వచ్చేది. "తినీ బావా, ఎందుకంత మొహమాటం" అని మూతలో నాకూ కాస్త పెట్టేవాడు. ఇంట్లో వండిన చారు తిని ఎన్నాళ్ళయిందో ఆ మూత చేతిలోకి తీసుకున్నప్పుడే తెలిసేది. పెట్టె బాగుపడాలని వెళ్ళేవాణ్ణా, బాగుపడకుండా ఇంకొన్నాళ్ళు ఉంటే బాగుండునని వెళ్ళేవాణ్ణా అని అడిగితే చెప్పలేను. పని అయిపోతే నాకు టెక్కలి వెళ్ళడానికి ఒక సాకు పోతుంది. ఆ భయం నాకు ఉండేది.

అయినా పని ముగిసింది. మరల్లోని జీడినూనెని థిన్నరుతో నానబెట్టి కడిగాడు. స్పీకరు అంచుని దూదితో కొంచెం కొంచెంగా తుడిచి మెత్తబరిచాడు. రేడియో వాల్వు పెట్టాక, చెక్క డబ్బాలో బిగించకుండానే, బల్ల మీదే పరిచి స్విచ్ వేశాడు. వాల్వుల్లో సన్నగా ఎర్రటి వెలుగు వచ్చింది. స్పీకర్లోంచి చిన్న గుయ్యిమనే చప్పుడు. నేను తీసుకెళ్ళిన గిటార్ తగిలించి ఒక్క తీగ మీటాను. ఆ సందు చివర పాన్ కొట్టువాడు తల బయటపెట్టి చూశాడు.

నేను చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాను. మెకానిక్ అది చూసి, చూడనట్టు స్క్రూడ్రైవర్లు సర్దుకున్నాడు.

"అయితే బావా, ఒకమాట" అన్నాడు కాసేపయ్యాక. "ఈ సెక్క డబ్బా ఇలాగే బిగించీకు. వాల్వులు వేడెక్కుతాయి. పైన ఆ నూనికి మళ్ళీ సెమట పడతాది. కొంప కంపు కొడతాది. గాజుపెంకుతో శుబ్బరంగా గీకీసి, ఎండలో ఎట్టి, అప్పుడు బిగించు." లోపలి సామాను ఒక అట్టపెట్టెలో, ఖాళీ చెక్క డబ్బా దుప్పట్లో కట్టి ఇచ్చాడు. ఆ బిగించడం నాకు కొత్త కాదు, ఆర్కెస్ట్రా రోజుల్లో ఎన్నోసార్లు చేశాను. బస్సెక్కించడానికి నాతో బస్టాండు దాకా వచ్చి, "అప్పుడప్పుడూ వత్తండు, పని లేకపోయినా" అన్నాడు. వస్తానన్నాను.

మరునాడు టెంట్ హౌస్‌కి సెలవు పెట్టాను. పగలగొట్టిన సీసా పెంకొకటి తీసుకుని, పెరట్లో ఎండలో డబ్బాని తలకిందులుగా పెట్టుకుని కూర్చున్నాను. కోపం ఇంకా పోలేదు. గీకి పారేద్దామన్న కసి కూడా కొంత ఉంది. మెకానిక్ కొట్టులో ట్యూబులైటు వెలుతురులో కనిపించనిది ఎండలో కనిపించింది. ఆ పూత బ్రష్షుతో వేసింది కాదు, గుడ్డతో రాసింది కాదు. మూలమూలలా వేళ్ళ చారలున్నాయి. మూడు చారలు దగ్గరదగ్గరగా, నాలుగోది కాస్త దూరంగా, వంకరగా. పెంకు చేతిలో పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాను.

అప్పుడే పక్కింటి వదిన గోడ దగ్గరికొచ్చింది. వరసకి వదిన. అప్పతో పాటే జీడి ఫ్యాక్టరీలో పక్కపక్కన కూర్చుని పని చేసిన మనిషి. ఇద్దరూ ఒకే ఆటోలో పోయి ఒకే ఆటోలో వచ్చేవాళ్ళు.

"ఏటి బాబూ గీకుతన్నావు?" అంది.

చెప్పాను. అప్ప దీన్ని జీడినూనెతో పాడుచేసిందనీ, ఇన్నాళ్ళూ దాన్ని బాగుచేయించడానికే తిరుగుతున్నాననీ కొంచెం దురుసుగానే చెప్పాను. వదిన గోడ మీద చేతులానించి నన్ను ఎగాదిగా చూసింది.

"పాడు సేసిందేటి? తుఫాను తరవాత ఊరంతా సెదలెక్కీసినాయి కదా. నువ్వు ఇచ్ఛాపురంలో ఉన్నావు. మీ అటక దూలం తినీసినాయి. ఈ పెట్టికి కూడా ఒక మూల మట్టి కట్టీసినాయని సూసి లబోదిబోమన్నాది మీ అప్ప. ఫేకట్రీలో బతిమాలి నూని తెచ్చుకున్నాది. డబ్బా ఒకవైపు నానే అట్టుకున్నాను. గుడ్డతో పూయే అన్నాను, ఇన్నాదా? గుడ్డయితే లోపల తీగలకి తగుల్తాదంట, తెగిపోతే తిరిగి అతికించడం నాకేటి తెలుసే అన్నాది. సేత్తోనే పూసినాది. బూడిదైనా రాసుకోయే అంటే, బూడిద లోపల రాల్తాదన్నాది. రెండు సేతులూ బొబ్బలెక్కిపోనాయి. కూడు కలుపుకోడానికి లేకపోనాది."

నాకు ఆ దీపావళి గుర్తొచ్చింది. ఇచ్ఛాపురం నుంచి ఇంటికొచ్చేసరికి అప్ప చెంచాతో అన్నం తింటోంది. మా ఇంట్లో చెంచాతో తిన్నవాళ్ళు అంతకుముందు లేరు. "దొరసానివైపోనావేటప్పా" అని ఏడిపించాను. ఫ్యాక్టరీలో నూనె చిందిందని చెప్పి, "నవ్వింది సాల్లే, కూకుని తిను" అంది. తనే వడ్డించింది, ఆ చేతులతోనే.

"నాకు ఒక్క మాట చెప్పలేదేం వదినా?" అన్నాను.

"నానూ అడిగినాను. సెప్తే ఆ పెట్టంటే నాకిష్టమనుకుంటాడే, మళ్ళీ అదట్టుకుని ఊళ్ళమ్మట తిరుగుతాడు, ఇంటికాడ ఉండడు అన్నాది." వదిన గోడ మీంచి చేతులు తీసింది. "నువ్వు ఊళ్ళకెల్లినప్పుడు అది కూడు సరిగ్గా తినీది కాదు బాబూ. ఒక్కదానికి వండుకోడం సిరాకనీది."

వదిన పొయ్యి మీద ఏదో ఉందని వెళ్ళిపోయింది. నేను ఆ ఎండలోనే కూర్చుని ఏడ్చాను. కుర్చీలు సర్దేవాడి సెలవు రోజు అలా గడిచింది.

నేను వాయించడానికి ఊరు దాటిన ప్రతిసారీ తను ఈ ఇంట్లో ఎలా ఉండేదో అంతవరకూ నేను ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించక్కర్లేదు, నాకు బాగా తెలుసు. తలుపు తీశాక ఎలా ఉంటుందో, ఒక్కరి కోసం పొయ్యి వెలిగించాలంటే ఎలా ఉంటుందో, ఏ చప్పుడూ లేని ఇంట్లో దగ్గు ఎంత గట్టిగా వినిపిస్తుందో. తన చేతుల్ని బొబ్బలెక్కించుకుని కాపాడిన పెట్టెనే తను పగలంతా తిట్టేది. రెండూ నిజమేనని ఇప్పుడు అర్థమవుతోంది.

సీసా పెంకు గోడ అవతల పారేశాను. డబ్బాలో దుమ్ము మాత్రం తుడిచి, వేళ్ళ చారలకి చెయ్యి తగలకుండా లోపలి సామాను బిగించాను. మెకానిక్‌కి తెలిస్తే తిడతాడు, తిట్టనీ.

సాయంత్రం అయ్యింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఆటోలు ఒకటొకటిగా వీధిలోకి వచ్చి ఆడవాళ్ళని దింపి పోతున్నాయి. పెట్టెని ముందుగదిలో పెట్టి స్విచ్ వేసి, గిటార్ ఒళ్ళో పెట్టుకుని ఎప్పటిలాగే గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాను. వాల్వుల పెట్టె స్విచ్ వేయగానే పలకదు. వేడెక్కేదాకా ఆగాలి. ఎర్రటి వెలుగు నిలబడింది. సన్నని గుయ్యిమనే చప్పుడు మొదలైంది. నేను తీగ మీద వేలు పెట్టి ఆగాను.

పాట కంటే ముందు వాసన వచ్చింది. మొదట తెలియలేదు, వీధిలో దిగిన ఆడవాళ్ళదేమో అనుకున్నాను. కాదు, గదిలోదే. వాల్వుల వేడికి డబ్బా పైచెక్క మీది జీడినూనె కరుగుతోంది. మెకానిక్ కంపు అన్నది ఇదే. ఎంత సబ్బు రుద్దినా పోని వాసన, రోజూ ఆటో దిగి గుమ్మం ఎక్కే వాసన. నా వీపు వెనక నిండా నిలబడినట్టుగా ఉంది. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే గుమ్మంలో ఎవరూ ఉండరని నాకు తెలుసు.

"ఇంకా లేదప్పా" అన్నాను.

నెలల తర్వాత ఆ ఇంట్లో ఒకరికి జవాబుగా నేను అన్న మొదటి మాట అది. పెట్టెని ఆపకుండా అలాగే ఉంచి, గిటార్ గోడకి ఆనించి, లేచి వెళ్ళి బియ్యం కడిగాను.